చెమ్మ ఎక్కిన పాత గోడను మూసేయకండి, ఆరనివ్వండి

పాత ఇంటి గోడ అడుగున రంగు పొంగి, పెచ్చులు రాలి, తెల్లటి పొడి కనిపించగానే ఇంటివారు వేసే మొదటి ప్రశ్న దాని మీద ఏమి పూయాలన్నదే. జవాబు చెప్పేవారికి కొదవ ఉండదు. వాటర్‌ప్రూఫ్ సిమెంటు పూయమని ఒకరు, ఎపాక్సీ పూత వేయమని మరొకరు, నడుము ఎత్తు దాకా టైల్స్ అంటించేస్తే ఇక కనబడదని ఇంకొకరు చెబుతారు. వందేళ్లు దాటిన గోడల మధ్య కాపురం ఉంటూ, వాటి అడుగు భాగాన్ని ఎండలోనూ వానలోనూ దగ్గరగా చూస్తూ వచ్చిన అనుభవంతో నేను చెప్పదలచినది ఈ సలహాలన్నిటికీ ఎదురు. పాత గోడకు నీటి వల్ల జరిగే నష్టం కంటే, ఆ నీటిని లోపలే అణచిపెట్టాలని మనం చేసే పనుల వల్ల జరిగే నష్టమే ఎక్కువ. నీరు ఎక్కడి నుంచి వస్తోందో ముందు తెలుసుకోవాలి, వచ్చేదాన్ని వీలైనంత తగ్గించాలి, అయినా వచ్చినదానికి ఆవిరై పోయే దారిని తెరిచి ఉంచాలి. పూత సంగతి ఈ మూడూ అయ్యాకే ఆలోచించాలి.

ఇటుకలోనూ రాతిలోనూ సున్నపు మాలులోనూ కంటికి ఆనని సన్నటి రంధ్రాలు లెక్కలేనన్ని ఉంటాయి. పునాది చుట్టూ ఉన్న తడి మట్టిలోని నీరు తలతన్యత బలంతో ఈ రంధ్రాల గుండా, దీపపు వత్తిలో నూనె ఎక్కినట్టు, పైకి పాకుతుంది. రంధ్రం ఎంత సన్నగా ఉంటే నీరు అంత ఎత్తు ఎక్కగలదు. 0.1 మిల్లీమీటరు వ్యాసార్థం ఉన్న గొట్టంలో నీరు సుమారు 15 సెంటీమీటర్లు ఎక్కుతుంది. వ్యాసార్థం అందులో పదో వంతు అయితే ఎత్తు ఒకటిన్నర మీటర్ల దాకా పోతుంది. ఒక మైక్రాను, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, అయితే లెక్క ప్రకారం 15 మీటర్ల దగ్గరికి చేరాలి. ఇటుకల్లోని రంధ్రాలు చాలావరకు ఈ మైక్రాన్ల కొలతలోనే ఉంటాయి కాబట్టి, ఈ సూత్రం ఒక్కటే పనిచేస్తే పాత ఇళ్లన్నీ కప్పు దాకా నాని ఉండాలి. వాస్తవంలో నేల నుంచి ఎక్కే చెమ్మ సాధారణంగా మీటరు, మహా అయితే మీటరున్నర దగ్గర ఆగిపోతుంది. దాన్ని ఆపుతున్నది గోడ ముఖం మీద నిరంతరం జరిగే ఆవిరి. కింది నుంచి ఎంత నీరు వస్తోందో గోడ ముఖాల నుంచి అంతే నీరు గాలిలో కలిసిపోయే ఎత్తు దగ్గర చెమ్మ నిలబడుతుంది.

ఈ తూకాన్ని క్రిస్టఫర్ హాల్, విలియం హాఫ్ అనే శాస్త్రవేత్తలు 2007లో ప్రచురించిన పరిశోధనలో ఒక సరళమైన సూత్రంలోకి తెచ్చారు. గోడ మందం పెరిగితే చెమ్మ ఎత్తు ఆ మందపు వర్గమూలం మేరకు పెరుగుతుంది. ఆవిరయ్యే వేగం తగ్గితే, ఆ తగ్గుదలకు తగ్గట్టు మళ్లీ వర్గమూలం లెక్కనే ఎత్తు పెరుగుతుంది. రెండు ముఖాల నుంచీ సమానంగా ఆరుతున్న గోడకు ఒక ముఖాన్ని పూర్తిగా మూసేశామనుకుందాం. ఆవిరి సగమవుతుంది, చెమ్మ ఎత్తు సుమారు 1.4 రెట్లవుతుంది. అంటే 80 సెంటీమీటర్ల దగ్గర ఆగి ఉన్న మరక కాలక్రమంలో 110 సెంటీమీటర్లు దాటుతుందన్నమాట. నీళ్లు చొరని పూత కోసం డబ్బు ఖర్చు పెట్టబోయే ప్రతి ఇంటివారూ ముందు ఈ ఒక్క లెక్క చూసుకోవాలని నా కోరిక. పూసిన చోట తడి కనబడకపోవచ్చు గాని, ఆ నీరు పూత అంచు దాటి పైనో, గోడ అవతలి ముఖాననో తప్పక బయటపడుతుంది.

అయితే ఇదంతా నీరు నిజంగా నేల నుంచే ఎక్కుతున్నప్పటి మాట. గోడ అడుగున తడి కనిపిస్తే చాలు, అది పునాది నుంచి వచ్చిన చెమ్మేనని తేల్చేయడం పరిపాటి అయింది. నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో అతి పెద్ద పొరపాటు ఇక్కడే జరుగుతుంది. పగిలిన తూము, గోడలో దాచిన నీళ్ల పైపుకు పడిన సన్నటి చిల్లు, చూరు నుంచి జారి రోజూ ఒకే చోట గోడకు చిమ్మే వాన, గాలి ఆడని గదిలో చల్లటి గోడను తాకి నీరుగా మారే ఆవిరి, ఇవన్నీ గోడ అడుగునే తమ గుర్తులు వదలగలవు. వీటిలో ఏ ఒక్కటీ గోడ అడుగున నీటిని ఆపే రసాయనం ఎక్కించడం వల్ల నయం కాదు.

గుర్తులు చదవడం నేర్చుకుంటే చాలా దూరం పోవచ్చు. నేల నుంచి ఎక్కే చెమ్మ గోడ పొడవునా దాదాపు ఒకే ఎత్తులో ఒక పట్టీలాగా కనిపిస్తుంది. దాని పై అంచున పసుపుపచ్చగానో గోధుమరంగుగానో ఒక గీత, ఆ గీత దగ్గర ఉప్పు పేరుకోవడం ఉంటాయి. ఆ పట్టీలో నల్లబూజు సాధారణంగా కనబడదు, ఎందుకంటే నేల నుంచి వచ్చే లవణాలు బూజుకు సరిపడవు. బూజు దట్టంగా ఉన్నదంటే, అందులోనూ గది మూలల్లో, బీరువా వెనక, కిటికీ చుట్టూ ఉన్నదంటే, గదిలోని గాలి మీద అనుమానపడాలి. 20 డిగ్రీల వేడి, 60 శాతం తేమ ఉన్న గాలి సుమారు 12 డిగ్రీల గోడను తాకితే చాలు, దాని మీద నీటి బిందువులు కట్టడం మొదలవుతుంది. మూసి ఉన్న గదిలో వంట, స్నానం, బట్టలు ఆరేయడం వంటివి తేమను ఇంకా పెంచుతాయి. మరక ఒక్కచోటే గుండ్రంగా ఉండి, వాన పడినప్పుడల్లా ముదురుతుంటే బయటి గోడలో పగులో, పైన తూములో లోపమో ఉన్నదన్నమాట. వానతో పనిలేకుండా ఏడాది పొడవునా ఒకేలా ఉంటే నీళ్ల పైపును, మురుగు గొట్టాన్ని పరీక్షించాలి.

సందేహం తీరకపోతే చిన్న పరీక్ష ఒకటి చేయవచ్చు. జానెడు వెడల్పు అల్యూమినియం రేకు కాగితాన్ని గోడకు ఆనించి, నాలుగు అంచులూ టేపుతో గాలి చొరకుండా మూసి, రెండు మూడు రోజులు వదిలేయాలి. రేకు గది వైపు ముఖం మీద నీటి చుక్కలుంటే తేమ గాలిలోనిది, గోడ వైపు ముఖం మీద ఉంటే గోడలోనిది. ఇది తుది తీర్పు కాకపోయినా, వేల రూపాయల పనికి పూనుకోబోయే ముందు ఆగి ఆలోచించడానికి అవసరమైనంత ఆధారం ఇస్తుంది.

తీర్పు చెప్పే పరీక్ష వేరే ఉంది, అయితే అది మీటరు పరీక్ష కాదు. రెండు సూదులతో గోడకు గుచ్చి అంకె చూపించే విద్యుత్ మీటరు నిజానికి కలప కోసం లెక్క కట్టినది. గోడలో ఉప్పు ఉంటే, దాదాపు ఎండిన గోడలో కూడా అది పెద్ద అంకె చూపుతుంది, ఎర్ర దీపం వెలిగిస్తుంది, ఆ ఎర్ర దీపాన్నే ఇంటివారికి సాక్ష్యంగా చూపిస్తారు. నమ్మదగిన పద్ధతి ఏమిటంటే, గోడ అడుగు నుంచి పైకి కొంత కొంత ఎడంగా, డ్రిల్లుతో నెమ్మదిగా, పొడి వేడెక్కకుండా లోతు నుంచి నమూనాలు తీసి, గాలి తగలని సీసాల్లో మూసి, తూచి, 105 డిగ్రీల వద్ద ఆరబెట్టి మళ్లీ తూచడం. తగ్గిన బరువే గోడలోని నీరు. ఆరిన నమూనాను తర్వాత 75 శాతం తేమ ఉన్న గాలిలో ఉంచితే అది మళ్లీ ఎంత బరువెక్కుతుందో చూసి, ఉప్పు వల్ల గాలి నుంచి పీల్చుకునే తేమ ఎంతో కూడా తెలుసుకోవచ్చు. పొడిలో కాల్షియం కార్బైడు కలిపి, మూసిన పాత్రలో పుట్టే వాయువు ఒత్తిడిని బట్టి నీటిని లెక్కగట్టే మీటరు ఇంకా త్వరగా ఫలితం ఇస్తుంది. అడుగున అత్యధికంగా ఉండి పైకి పోయేకొద్దీ క్రమంగా తగ్గే తడి నేల నుంచి వచ్చినది. పైన ఎక్కువగా ఉండి అడుగున తక్కువగా ఉంటే దాని మూలం మరెక్కడో వెతకాలి.

ఇక ఉప్పు సంగతి. చెమ్మ గురించి మాట్లాడేవారు నీటి మీదే దృష్టి పెడతారు గాని, పాత గోడను నిజంగా తినేసేది నీటితో కలిసి వచ్చే లవణాలే. నేలలోని నీరు ఎప్పుడూ స్వచ్ఛంగా ఉండదు. అందులో సల్ఫేట్లు, క్లోరైడ్లు, నైట్రేట్లు కరిగి ఉంటాయి. నీరు ఆవిరైపోతుంది, ఇవి మాత్రం గోడలోనే మిగిలిపోతాయి. గోడ పుట్టినప్పటి నుంచీ ఏటా కొంచెం కొంచెంగా పేరుకున్న ఖాతా అది. తక్కువ కరిగే సల్ఫేట్లు కిందనే ఆగిపోతాయి, బాగా కరిగే నైట్రేట్లు, క్లోరైడ్లు పైదాకా ప్రయాణించి చెమ్మ పట్టీ పై అంచున చేరతాయి. గోడ ముఖం మీద దూదిలాంటి తెల్లటి పొడిగా బయటపడిన ఉప్పు చూడటానికి అసహ్యంగా ఉన్నా పెద్దగా హాని చేయదు. మెత్తటి బ్రష్షుతో దులిపితే పోతుంది. ముఖానికి కాస్త లోపల, రంధ్రాల మధ్యలో గట్టిపడే ఉప్పే ప్రమాదకరమైనది. సోడియం సల్ఫేటు ఒక్కదాన్నే తీసుకుంటే, ఎండినప్పుడున్న రూపం నీటిని కలుపుకొని స్ఫటికంగా మారేటప్పుడు దాని పరిమాణం మూడు రెట్లకు పైగా పెరుగుతుంది. తడిసి ఆరిన ప్రతిసారీ ఈ పెరుగుదల ఇటుకను లోపలి నుంచి చీలుస్తుంది.

మొహెంజొదారోలో దీన్ని ఒక నగరమంత విస్తీర్ణంలో చూడవచ్చు. దాదాపు నాలుగు వేల ఏళ్లు మట్టిలో భద్రంగా ఉన్న కాల్చిన ఇటుకల గోడలు, 1920లలో తవ్వి బయటపెట్టిన తర్వాత, నేల నుంచి ఎక్కిన ఉప్పునీటి వల్ల అడుగున పొడిగా మారి రాలిపోవడం మొదలైంది. 1974లో యునెస్కో ఆ నగరాన్ని కాపాడేందుకు అంతర్జాతీయ ఉద్యమాన్ని ప్రారంభించింది. భూగర్భ జలమట్టాన్ని దించడానికి గొట్టపు బావులు కూడా వేశారు. మట్టి కప్పి ఉన్నంతకాలం ఆరడమనే ప్రక్రియ లేదు కాబట్టి ఉప్పు గట్టిపడలేదు. గాలి తగిలి ఆవిరి మొదలయ్యాక ఉప్పు పని ప్రారంభించింది. ఇది నా వాదనకే ఎదురు ఉదాహరణ కదా అని చదువరులకు అనిపించవచ్చు, అది న్యాయమైన అనుమానమే. ఆరడం వల్ల ఉప్పు పేరుకుంటుంది, నిజమే. అందుకే ఆ ఉప్పు ఎక్కడ పేరుకోవాలన్నది మనం నిర్ణయించాలి. ఇటుకలో కాకుండా, ఇటుక మీది మెత్తటి సున్నపు పూతలో పేరుకునేలా చేస్తే, పూత పాడైనప్పుడు దాన్ని తీసేసి కొత్తది వేసుకోవచ్చు. పూత పోతే మళ్లీ వస్తుంది, ఇటుక పోతే గోడే పోతుంది.

మా ఇంటి నడవా గోడలో దీనికి సరిగ్గా వ్యతిరేకంగా జరిగింది. మేము చేరక ముందే ఎవరో దాని అడుగు భాగాన్ని నడుము ఎత్తు దాకా సిమెంటు, ఇసుక, వాటర్‌ప్రూఫ్ పొడి కలిపి గట్టిగా పూయించారు. చూడటానికి ఆ పూత ఎంతో నునుపుగా, పొడిగా ఉండేది. వేలి కణుపుతో తడితే మాత్రం కొన్నిచోట్ల డొల్ల శబ్దం వచ్చేది. దాని పై అంచుకు జానెడు ఎత్తున, పాత సున్నపు పూత మీద, కొత్త మరక ఒకటి అడ్డంగా సాగి ఉండేది. ఆ సిమెంటును ఉలితో ఊడదీసినప్పుడు అది చిన్న చిన్న ముక్కలుగా రాలేదు, పలకలు పలకలుగా వచ్చింది. ప్రతి పలక వెనకా ఇటుకల ముఖాలు అరంగుళం మందాన అంటుకొని వచ్చాయి. లోపల మిగిలిన ఇటుక తడిసి ముదురు ఎరుపులో ఉంది, గోరుతో గీరితే గీత పడింది. ఇటుకల మధ్య సున్నపు మాలు వేలితో నొక్కితే తడి ఇసుకలా జారిపోయింది. పైన మరక ఉన్న చోట పూతకూ ఇటుకకూ మధ్య తెల్లటి నూగు దట్టంగా పరుచుకుని ఉంది. అంతకాలం గోడ నుంచి బయటికి రాలేని నీరంతా ఇటుకను నానబెడుతూ, పూత మీదుగా మరో అంతస్తు ఎక్కినట్టు పైకి చేరింది.

సిమెంటును నిందించడం నా ఉద్దేశం కాదు. జోసెఫ్ ఆస్ప్‌డిన్ 1824లో పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు తీసుకున్న తర్వాత దాని మీద ఆధారపడి ఒక కొత్త నిర్మాణ పద్ధతి పుట్టింది. గట్టి ఇటుకలు, నీరు చొరని పొరలు, పునాదికీ గోడకూ మధ్య మేస్త్రీలు డీపీసీ అని పిలిచే అడ్డుపొర, ఇవన్నీ ఒకదానికొకటి సరిపోయేలా తయారయ్యాయి. పాత ఇల్లు వేరే లెక్క మీద నిలబడింది. మందమైన గోడలు, మెత్తటి ఇటుకలు, సున్నపు మాలు, సున్నపు పూత కలిసి నీటిని కొంత లోపలికి రానిచ్చి, తిరిగి బయటికి పంపుతూ ఉంటాయి. ఈ వ్యవస్థ మీద ఆ వ్యవస్థలోని ఒక్క వస్తువును తెచ్చి అతికించడమే తప్పు. పైగా సిమెంటు పూత గట్టిది, పాత గోడ కొద్దికొద్దిగా కదులుతుంటుంది. ఆ కదలికకు పూతలో వెంట్రుకవాసి పగుళ్లు పడతాయి, వాటి గుండా వాన నీరు లోపలికి పోతుంది, పోయిన నీరు బయటికి రావడానికి మాత్రం మళ్లీ ఆ సన్నటి పగుళ్లే గతి.

కాబట్టి మొదటి పని గోడ దగ్గర కాదు, ఇంటి బయట మొదలవ్వాలి. పాత ఇళ్ల చుట్టూ నేల మట్టం ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతూనే ఉంటుంది. దారి మీద దారి వేస్తారు, పూలమొక్కల కోసం గోడకు ఆనించి మట్టి పోస్తారు, పాత గచ్చు తీయకుండానే కొత్త కాంక్రీటు పరుస్తారు. ఇలా పెరిగిన నేల ఇంట్లోని నేలతో సమానమైనా, ఇంకా పైకి పోయినా, పక్క నుంచి వచ్చే తడి కూడా కింది నుంచి ఎక్కే తడికి తోడవుతుంది. డీపీసీ ఉన్న ఇంట్లో కూడా బయటి నేలో, లోపలి పూతో ఆ పొరను దాటి పైకి పోయిందంటే అది ఉండీ లేనట్టే. బయటి నేల ఆ పొరకు కనీసం 150 మిల్లీమీటర్లు కిందికి ఉండాలన్నది సర్వత్రా పాటించే నియమం. మట్టిని అంతమేర తవ్వి దించాలి, గోడ నుంచి దూరంగా వాలు పెట్టాలి, చూరు నీటిని గొట్టం ద్వారా దూరంగా వదలాలి. గోడను ఆనుకొని వేసిన కాంక్రీటు పట్టీని నేనైతే తీయించేస్తాను. దాని కిందున్న మట్టి ఆరే వీలు లేక, ఆ తేమకు గోడ ఒక్కటే దారి అవుతుంది. దాని స్థానంలో కంకర నింపిన సన్నటి కందకం, అడుగున చిల్లులున్న గొట్టం వేస్తే నీరు పక్కకు పోతుంది. పునాది లోతు తెలియకుండా, దాని కన్నా కిందికి తవ్వకూడదన్న జాగ్రత్త మాత్రం తప్పనిసరి.

ఇంటి లోపలి నేల విషయం చాలామందికి తట్టదు. మట్టి మీద పరిచిన పాత రాతి పలకల సందుల్లోంచి నేల తేమ నెమ్మదిగా గదిలోకి ఆవిరై పోతూ ఉండేది. ఆ పలకలు తీసి ప్లాస్టిక్ షీటు, కాంక్రీటు, నునుపైన టైల్స్ వేశాక, గది కింద ఉన్న తేమ అంతా పక్కకు జరిగి గోడల అడుగున చేరుతుంది. నేల మార్చాక రెండు మూడేళ్లకు గోడ చెమ్మెక్కిందని చెప్పేవారి మాటలో అనుమానించాల్సిందేమీ లేదు.

ఈ పనులకు వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు, వాటిలో బలమూ ఉంది. సున్నం పని నిదానం. ఒక పాలు సున్నానికి రెండున్నర నుంచి మూడు పాళ్ల ఇసుక కలిపి, సెంటీమీటరు మందానికి మించని పొరలుగా వేస్తూ, ఒక్కో పొర గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని గట్టిపడే దాకా తడి ఆరిపోకుండా చూసుకోవాలి. ఆ పని తెలిసిన తాపీ మేస్త్రీలు తగ్గిపోయారు. సిమెంటు పూత అయితే కొద్ది రోజుల్లో ముగుస్తుంది, వెంటనే రంగు వేసుకోవచ్చు, కొన్నేళ్లు నిశ్చింతగా ఉండవచ్చు. అద్దె ఇంట్లో ఉన్నవారికో, త్వరలో అమ్మేయదలచినవారికో ఆ కొన్నేళ్లే చాలు. వారి లెక్కను నేను కాదనలేను. ఆ ఇంట్లోనే ఉండబోయేవారు, దాన్ని పిల్లలకు అప్పగించదలచినవారు మాత్రం ఆ కొన్నేళ్ల తర్వాత ఇటుక ఏ స్థితిలో ఉంటుందో కూడా లెక్కలో వేసుకోవాలి. గోడలో దూలాల చివర్లు, ద్వారబంధాల అడుగులు ఉంటాయని మరవకూడదు. కలపలో తేమ 20 శాతం దాటి నిలిస్తే పుచ్చు పట్టే ప్రమాదం మొదలవుతుంది. మూసిన గోడలో ఆ పుచ్చు పైకి కనిపించేసరికి ఆలస్యమైపోతుంది.

పూర్తిగా నేల కింద ఉన్న గదులకు నేను చెప్పిన పద్ధతి చాలదని కూడా ఒప్పుకోవాలి. అక్కడ నీరు పక్క నుంచి ఒత్తిడితో వస్తుంది, గోడ అవతలి ముఖం మట్టిలోనే ఉంటుంది. అలాంటి గోడకు లోపలి వైపున బుడిపెలున్న ప్లాస్టిక్ పొరను ఎడంగా నిలబెట్టి, దాని వెనక దిగే నీటిని కాలువలోకి మళ్లించడం మేలు. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దపు రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ తేమ ఉన్న గదులకు రెండు ఉపాయాలు రాసిపెట్టాడు. నేల నుంచి మూడు అడుగుల ఎత్తు దాకా ఇసుకకు బదులు దంచిన ఇటుక పొడి కలిపిన సున్నం పూయమన్నాడు. అప్పటికీ తేమ తగ్గకపోతే, అసలు గోడకు ఎడంగా ఒక సన్నటి రెండో గోడ కట్టి, మధ్య సందులోకి గాలి ఆడేలా పైనా కిందా రంధ్రాలు వదిలి, నీరు పోయే దారి పెట్టమన్నాడు. ఇటుక పొడి కలిసిన సున్నం తడిలో కూడా గట్టిపడుతుంది, అయినా ఆవిరిని పోనిస్తుంది. రెండు వేల ఏళ్ల కిందటి ఈ సలహాలో నీటిని బంధించే మాటే లేదు.

గోడకు తగిలించి, తరంగాలతో నీటిని కిందికి నెడతామనే ఎలక్ట్రానిక్ పెట్టెల మీద నాకు నమ్మకం లేదు. వాటితో పాటు పాత పూత తీయించి, కిటికీలు తెరిపించి, నీటి కారుడు ఆపించి, గోడ ఆరిన ఘనతను పెట్టెకు కట్టబెడుతుంటారు.

బయటి పనులు ముగిసి, నీళ్లు చొరని పూత తీసేశాక చేయవలసిన ముఖ్యమైన పని వేచి ఉండటం. అంగుళం మందానికి నెల చొప్పున గోడ ఆరుతుందని ఒక మోటు లెక్క ఉంది. తొమ్మిది అంగుళాల గోడకు తొమ్మిది నెలలు, అడుగున్నర మందమైన పాత గోడకు ఏడాదిన్నర. ఈలోగా ఇటుకను వట్టిగానే వదిలేయవచ్చు, లేదా ఉప్పును లాగేందుకు బలం తక్కువగా ఉన్న సున్నపు పూతను పల్చగా వేసి, అది ఉప్పుతో నిండి పొడిగా రాలుతుంటే తీసేసి మళ్లీ వేయవచ్చు. రాలిన పొడిని నేల మీద వదలకుండా ఎప్పటికప్పుడు ఎత్తి బయట పారేయాలి, లేకపోతే అది మళ్లీ కరిగి అదే గోడలోకి ఎక్కుతుంది. బీరువాలు, సోఫాలు గోడకు చెయ్యి పట్టేంత ఎడంగా జరపాలి. ప్లాస్టిక్ ఎమల్షన్ రంగులు, పుట్టీ ఈ గోడకు వద్దు, సున్నపు వెల్ల చాలు. గాలిలో తేమ పెరిగిన రోజుల్లో మరక మళ్లీ ముదిరినట్టు కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. మామూలు ఉప్పు కూడా గాలిలో తేమ 75 శాతం దాటితే నీరు పీల్చుకుని కరుగుతుంది. నేల నుంచి వచ్చే లవణాల్లో కొన్ని అంతకంటే చాలా తక్కువ తేమకే ఆ పని చేస్తాయి. అది కొత్తగా ఎక్కిన నీరు కాదు, పాత ఉప్పు గాలి నుంచి తాగిన నీరు.

ఆ గడువు ముగిశాక, మొదట నమూనాలు తీసిన ఎత్తుల్లోనే మళ్లీ తీసి తూచాలి. అడుగు భాగపు తడి గణనీయంగా తగ్గి ఉంటే నేల నుంచి వచ్చే నీరు తగ్గిందన్నమాట, ఇక మిగిలింది సున్నపు పూత పూసుకోవడమే. తగ్గకపోతే, అప్పుడు మాత్రమే గోడలో రసాయనం ఎక్కించడం గురించి ఆలోచిస్తాను. బయటి నేలకు 150 మిల్లీమీటర్ల ఎత్తున, ఇటుకల మధ్య మాలు వరస వెంబడి, సుమారు 12 మిల్లీమీటర్ల రంధ్రాలను 120 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున చేసి, సిలేన్ కలిసిన క్రీమును నింపుతారు. అది మాలులోకి ఇంకి, రంధ్రాల గోడలకు నీరు అంటుకోకుండా చేస్తుంది. వరసలు సరిగా ఉన్న ఇటుక గోడలో ఈ పని చక్కగా కుదురుతుంది. రెండు రాతి ముఖాల మధ్య రాళ్లు, మట్టి నింపిన మందమైన గోడలో క్రీము సందుల్లోకి జారిపోయి, పొర అతుకులు అతుకులుగా మిగులుతుంది కాబట్టి అలాంటి గోడకు నేను దీన్ని సిఫారసు చేయను. రసాయనం కొత్త నీటిని ఆపగలదేమో గాని, గోడలో ఉన్న ఉప్పును తీయదు. అందుకే ఎక్కించేవారు సాధారణంగా పాత పూతను తీసి, ఉప్పును బయటికి రానివ్వని దట్టమైన సిమెంటు పూతను కూడా అదే ఒప్పందంలో చేరుస్తారు. ఆ తర్వాత గోడ పొడిగా కనిపిస్తే, ఆపింది రసాయనమో, దాచింది పూతో ఎవరూ చెప్పలేరు. రసాయనం పనిని, పూత పనిని వేర్వేరు ఒప్పందాలుగా రాయించుకుని, రంధ్రాలు నింపాక గోడను కొన్ని నెలలు వట్టిగా ఉంచి, మూడోసారి తూచి, సంఖ్యలు తగ్గాయని చూసుకున్న తర్వాతే సున్నపు పూత వేయించుకోవాలి.